దినచికిత్సా కేంద్రములు – కంట్రాక్టు పద్ధతి: ఒక విమర్శ

రోగి రాత్రివేళ తన యింటనే నిద్రించి, పగటివేళ చికిత్సాలయమునకు వచ్చి పోవు పద్ధతి మానసిక వైద్యమున క్రొత్తది కాదు. 1933 లో మాస్కో నగరమున జగారోవ్ అను వైద్యుడు పగటి ఆసుపత్రిని స్థాపించెను. 1946 లో కెనడా దేశమున మాంట్రియల్ నగరమందు ఎవెన్ కామెరన్ అట్టిదానినే ప్రారంభించెను. ఆ దశాబ్దముననే లండను నగరమున జోషువా బీరర్ మార్ల్‌బరో దినచికిత్సాలయమును నెలకొల్పెను. ఆసుపత్రులలో మంచములు చాలకపోవుట ఈ ప్రయత్నములకు ఒక కారణము. రోగిని ఇంటినుండియు, వీధినుండియు, పనినుండియు వేరుచేసి ఉంచినచో ఆ వేర్పాటే మఱియొక వ్యాధియై పరిణమించునను గ్రహింపు రెండవ కారణము.

పెద్దలకంటె యువజనులకు ఈ పద్ధతి ఎక్కువ ఉపకరించును. పదునాలుగేండ్ల బాలుడు ఆరునెలలు ఆసుపత్రిలో ఉన్నచో, అతడు పోగొట్టుకొనునది ఆరునెలల కాలము మాత్రమే కాదు. ఒక తరగతి పోవును. తోడి బాలుర స్నేహము పోవును. ఇంటిలో తనకున్న స్థానము కూడ సడలును. వ్యాధి తీవ్రముగానుండి వారమునకొక గంట వైద్యుని చూచుట చాలనప్పుడు, అయినను ఆసుపత్రి మంచము అవసరము కానప్పుడు, ఈ రెండింటి నడుమ నుండవలసిన చికిత్సయే దినచికిత్స. అందు కొన్ని గంటల చదువు, బృంద సంభాషణము, చేతిపని, వైద్యుని పర్యవేక్షణము, తల్లిదండ్రులతో సంప్రదింపు కలసియుండును.

ఇట్టి కేంద్రమును నడపువారెవరు, దాని వ్యయమును భరించువారెవరు అను ప్రశ్న వైద్యశాస్త్రమునకు సంబంధించినది కాదని తోచవచ్చును. కాని కేంద్రములో బాలునకు లభించునదేమో నిర్ణయించునది పలుమారు వైద్యశాస్త్రము కాక, కేంద్రమునకును ప్రభుత్వమునకును నడుమ కుదిరిన ఒప్పంద పత్రమే. ఆ పత్రమున దేనికి వెల కట్టిరో అది నిలుచును. దేనికి వెల కట్టలేదో అది క్రమముగ కృశించును. ఈ విషయమును పరిశీలించుటకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రపు కౌంటీలు తగిన ఉదాహరణము. అచట ఈ ఏర్పాటు అర్ధశతాబ్దికి పైగా నడచినది. దాని నియమములన్నియు వ్రాతమూలముగ నున్నవి. ఆంధ్ర, తెలంగాణముల వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగువారికి ఆ దూరదేశపు విషయముతో పనియేమి యన్న శంకకు సమాధానము ఈ వ్యాసపు ఉత్తరభాగమున లభించును.

కాలిఫోర్నియా కౌంటీల ఏర్పాటు

కాలిఫోర్నియాలో 58 కౌంటీలు కలవు. కౌంటీ యనగా స్థూలముగ మన జిల్లా వంటిది. కాని దానికి ఎన్నుకోబడిన పాలకమండలి యుండును. సూపర్వైజర్ల బోర్డనబడు ఆ మండలిలో సాధారణముగ ఐదుగురు సభ్యులుందురు. 1957 లో షార్ట్-డోయిల్ శాసనము చేయబడువఱకు మానసిక వైద్యభారము ముఖ్యముగ రాష్ట్రపు పెద్ద ఆసుపత్రులదే. ఆ శాసనము స్థానిక ప్రభుత్వములు తమ ప్రాంతముననే వైద్యసేవలు నెలకొల్పినచో వ్యయములో భాగము రాష్ట్రమిచ్చునని చెప్పెను. 1963 లో అధ్యక్షుడు కెనెడీ సంతకము చేసిన సమాజ మానసికారోగ్య కేంద్రముల శాసనమును అనుసరించి, ప్రతి కేంద్రమున ఉండితీరవలసిన ఐదు సేవలలో పగటి చికిత్స యొకటిగ లెక్కింపబడెను. 1965 లో పేదల వైద్యమునకు మెడికెయిడ్ పథకము వచ్చెను. దీనినే కాలిఫోర్నియాలో మెడి-కాల్ అందురు. 1984 లో చేసిన రాష్ట్రశాసనము ప్రత్యేక విద్య అవసరమైన విద్యార్థుల మానసిక చికిత్సను కౌంటీల బాధ్యతగ చేసెను. 2004 లో ప్రజలు వోటు వేసి, పదిలక్షల డాలర్లకు మించిన వ్యక్తిగతాదాయముపై నూటికొకటి చొప్పున పన్ను విధించి మానసికారోగ్యమునకు కేటాయించిరి.

ఈ విధముగ బాధ్యత కౌంటీలపై బడినది. కాని యువజనుల దినచికిత్సా కేంద్రములను కౌంటీలు అన్నిచోట్ల స్వయముగ నడపలేదు. అవి లాభాపేక్ష లేని స్వచ్ఛందసంస్థలతో ఒప్పందములు చేసికొనెను. దీనికి కారణములు లేకపోలేదు. స్వచ్ఛందసంస్థకు ఆయా పేటలలో పలుకుబడి యుండును. ప్రభుత్వోద్యోగుల నియామకమునకు పట్టు కాలము పట్టదు. అవసరము తీరినచో ఒప్పందమును ముగింపవచ్చును. ఇందలి చివరి సౌకర్యమే తరువాత చిక్కులకు మూలమైనది.

ఒప్పంద పత్ర స్వరూపము

ఒప్పంద పత్రము సాధారణముగ ఒక ఆర్థిక సంవత్సరమునకు, అనగా జూలై 1 మొదలు మఱుసటి జూన్ 30 వఱకు, వ్రాయబడును. కొన్ని పత్రములకు పొడిగింపు వీలుండును. అందు సేవాస్వరూపము, చెల్లింపు రేటు, ఏడాదికి మించరాని గరిష్ఠ మొత్తము, లెక్కల తనిఖీ, భీమా, రద్దు చేయు విధము అను భాగములుండును. బోర్డు సమావేశములలో ఇట్టివి పెక్కు ఒకేమారు చర్చ లేకుండ ఆమోదము పొందుట వాడుక. బోర్డువారు చూచునది ముఖ్యముగ గరిష్ఠ మొత్తమును, దాని ధనము ఎచటినుండి వచ్చుననుటను. కేంద్రమున బాలుని దినము ఎట్లు గడచునో ఆ కాగితమున కానరాదు.

సేవ యొక్క కొలత రాష్ట్ర నిబంధనావళిలో కలదు. అర్ధదినమనగా మూడు గంటలకు తక్కువ కారాదు. పూర్ణదినమనగా నాలుగు గంటలకు మించవలెను. తీవ్ర దినచికిత్స యనుదానిలో ప్రతి ఎనిమిదిమందికి ఒక కార్యకర్త, దినపునరావాసమనుదానిలో ప్రతి పదిమందికి ఒక కార్యకర్త యుండవలెను. 2002, 2003 సంవత్సరములలో రాష్ట్రశాఖ ఇచ్చిన సూచనలు దీనిని ఇంకను బిగించెను. వారపు కార్యక్రమ పట్టికను వ్రాసి యుంచవలెను. కుటుంబముతో నెలకొకసారియైన మాటలాడవలెను. తప్పనిసరియై బాలుడు ముందుగ వెడలిపోయినచో, ఆనాటి కాలములో సగమైన ఉన్నగాని బిల్లు చెల్లదు.

ఈ నియమములు అవివేకముతో చేయబడినవి కావు. ఇది విమర్శకులు మఱచుచుండు విషయము. కేంద్రమని పేరు పెట్టి, పిల్లలను ఒక గదిలో కూర్చుండబెట్టి, టెలివిజను ముందర కాలము గడపి బిల్లు పంపు ప్రమాదము ఎచటనైన గలదు. ప్రజాధనము వ్యయమగునప్పుడు గంటలు లెక్కించుట, మనుష్యులను లెక్కించుట న్యాయమే. ఎనిమిదిమందికి ఒకరనునది లేనిచో ఇరువదిమందికి ఒకరు చేయువారుందురు. కాబట్టి లెక్క యుండుట తప్పు కాదు; లెక్కలోనికి రానిది చికిత్సయే కాదన్నట్లు వ్యవహారము సాగుటయే తప్పు.

కోలుకొనిన బాలుడు నష్టముగ మారుట

ఒక లెక్క వేసి చూచిన ఈ విషయము స్పష్టమగును. ఇది ఊహ కొఱకు వేసిన లెక్క. ఒక కేంద్రమున 16 మంది బాలబాలికలున్నారనుకొందము. ఎనిమిదిమందికి ఒకరు చొప్పున ఇద్దరు కార్యకర్తలు వలయును. పిల్లలు దినమునకు ఐదు గంటలుందురు. పూర్ణదినపు రేటు చొప్పున బిల్లు చెల్లును. కొన్నినెలలకు నలుగురు పిల్లలు కొంత కోలుకొనిరి. వైద్యుడు, తల్లిదండ్రులు, పాఠశాలవారు కలసి, ఆ నలుగురు సగము దినము తమ పాఠశాలకు పోవలెనని నిర్ణయించిరి. ఇది చికిత్స ఫలించినదనుటకు గుర్తు. కాని ఇప్పుడు ఆ నలుగురు కేంద్రమున ఉండునది రెండు గంటలే. రెండు గంటలు అర్ధదినమునకు కూడ చాలవు. ఆ నలుగురి తరఫున దినచికిత్సకు రావలసినది సున్న. ఆదాయములో నాలుగవవంతు పోయినది. మిగిలిన పండ్రెండుగురికి నియమము ప్రకారము ఇద్దరు కార్యకర్తలుండి తీరవలెను. కాబట్టి జీతములు తగ్గలేదు. ఇంటి అద్దె తగ్గలేదు.

ఆ నలుగురిని వేఱొక సేవక్రిందకు మార్చి, వారమునకొకటి రెండు గంటల చొప్పున బిల్లు చేయవచ్చునన్న సమాధానము కలదు. అది నిజమే. కాని దానికి వేఱు అనుమతి, వేఱు పట్టిక, పలుమారు వేఱు కార్యకర్త వలయును. పాఠశాలలో మొదటివారము గడపుట ఆ బాలునికి కష్టకాలము. సరిగా ఆ కాలముననే అతడెఱిగిన ముఖము మారును. కార్యకర్త పాఠశాలకు పోయి ఉపాధ్యాయునితో మాటలాడుట, ప్రయాణకాలము, సాయంకాలము తల్లికి ఫోను చేయుట, ఇవి దినపు రేటులోనే ఇమిడినవని పత్రము చెప్పును. ఇమిడినవనగా వేరుగ చెల్లింపు లేదని యర్థము. కేంద్రమునందు మనుష్యులు తక్కువైనపుడు ముందుగ ఆగిపోవునవి ఇవియే.

ఇందువలన కేంద్రములవారు దురుద్దేశముతో పిల్లలను నిలుపుకొందురని చెప్పరాదు. అట్టి నింద అనవసరము. సద్బుద్ధిగల సంస్థ కూడ మంచిపని చేసిన ప్రతిసారి నష్టపోవునట్లు ఏర్పాటున్నదనుటయే ఇచటి విమర్శ. సంస్థ ఆ నష్టమును విరాళములతో పూడ్చుకొనవలెను, లేక కార్యకర్తల జీతములలో కోసికొనవలెను. జీతములు తగ్గినచో అనుభవముగలవారు కౌంటీ ఉద్యోగములకో ఆసుపత్రులకో పోవుదురు. దినచికిత్సకు ప్రాణమనదగినది బాలుడు తన్నెఱిగిన మనుష్యుని ప్రతిదినము చూచుట. ఆ ప్రాణమునకే దెబ్బ తగులును.

పత్రము మారిన చికిత్స మారుట

1984 నాటి శాసనపు గతి ఈ విషయమున మఱియొక పాఠము. పాఠశాల విద్యార్థుల మానసిక చికిత్స కౌంటీలు చేయవలెననియు, రాష్ట్రము ఆ వ్యయమును తీర్చవలెననియు ఏర్పాటు. రాష్ట్రము సొమ్ము సకాలమున తీర్చుటలేదన్న వివాదము ఏండ్లతరబడి సాగెను. 2010 అక్టోబరులో గవర్నరు ష్వార్జనెగర్ ఆ పద్దునకు బడ్జెటులో కేటాయించిన సుమారు 13 కోట్ల 30 లక్షల డాలర్లను త్రోసిపుచ్చెను. 2011 లో చట్టము మార్చి, ఆ బాధ్యతను కౌంటీలనుండి పాఠశాల జిల్లాలకు మరలించిరి. చదువు చెప్పు పాఠశాలయే చికిత్సయు చూచుట మేలని దీనికి సమర్థన కలదు. అందు సారము లేకపోలేదు. కాని బాధ్యత మరలినప్పుడు ఒప్పందములును మరలును. ధనమిచ్చు కార్యాలయము మారినచో కేంద్రము మారవచ్చును, కార్యకర్త మారవచ్చును. బాలుని వ్యాధి మాత్రము ఆ తేదీని ఎఱుగదు. అతని తల్లి తన కథను మరల మొదటినుండి మఱియొక బల్లయొద్ద చెప్పుకొనవలెను.

2023 జూలై 1 నుండి కాలిఫోర్నియాలో చెల్లింపు విధానము మరల మారినది. అంతకుముందు సేవకు అయిన వాస్తవ వ్యయమును ఏడాది చివర లెక్కగట్టి సర్దుబాటు చేయుచుండిరి. ఆ లెక్కల తనిఖీ ఏండ్లు గడచిన పిదప జరుగుచుండెను. ఎప్పుడో ఖర్చయిన సొమ్మును తిరిగి కట్టవలసి వచ్చునన్న భయము చిన్న సంస్థలకు ఉండెడిది. క్రొత్త విధానమున ముందుగ నిర్ణయించిన రేటు ప్రకారము సేవకింత యని చెల్లింతురు. లెక్కల భారము దీనివలన తగ్గినది. అయినను కొలత మారలేదు. హాజరైన కాలమునకే ధనము. కోలుకొనుటకు, బడికి మరలుటకు, మరలిన పిదప నిలద్రొక్కుకొనుటకు ధనము నేరుగ లేదు.

భాష విషయమున మాత్రము ఆ రాష్ట్రపు నియమము గమనింపదగినది. ఒక ప్రాంతమున మెడి-కాల్ పొందువారిలో 3,000 మందికిగాని, నూటికి ఐదుగురికిగాని, ఈ రెండింటిలో ఏది తక్కువయో అంతమందికి ఇంగ్లీషు కాక వేఱొక భాష మాతృభాషయైనచో, ఆ భాషలో సేవలందించు బాధ్యత కౌంటీపై నున్నది. కౌంటీ ఆ బాధ్యతను ఒప్పందము ద్వారా సంస్థలకును అంటగట్టును. తలల లెక్కచొప్పున భాషను గుర్తించుట సంపూర్ణన్యాయము కాదు; సంఖ్య చాలని భాషవారికి దుబాసి మాత్రమే దిక్కు. అయినను భాషయనునది కంట్రాక్టులో వ్రాయదగిన విషయమని అచట అంగీకరించిరి. దినచికిత్సలో పనిచేయు సాధనము మాటయే గనుక ఇది చిన్నవిషయము కాదు.

బళ్ళారి మొదలు యానాము వఱకు

ఇక ఈ దేశమునకు వచ్చినచో, దేశములో మానసిక వైద్యమును జిల్లాస్థాయికి తెచ్చిన ప్రయత్నము ఒక తెలుగు ప్రాంతముతో ముడిపడియున్నది. 1982 లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ప్రారంభమయ్యెను. దానిని జిల్లాలో ఎట్లు నడపవలెనో పరీక్షించుటకు బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థవారు 1980 దశకపు నడుమ బళ్ళారి జిల్లాను ఎన్నుకొనిరి. 1953 అక్టోబరు 1 న ఆంధ్రరాష్ట్రమేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటును, తక్కిన జిల్లా మైసూరునకును పోయినవి. బళ్ళారిలో తెలుగు, కన్నడములు ఒకే వీధిలో వినబడుచునేయున్నవి. ప్రాథమికారోగ్య కేంద్రముల వైద్యులకు శిక్షణ నిచ్చి, మందులను పల్లెలకు చేర్చిన ఆ బళ్ళారి పద్ధతియే 1996 లో జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు ఆధారమైనది.

ఆ కార్యక్రమము చేసిన మేలు పెద్దది. దూరపు ఆసుపత్రికి పోలేని రోగికి మాత్ర దగ్గర దొరకినది. కాని మాత్ర చేరినంత దూరము పగటి చికిత్స చేరలేదు. 2015-16 లో నిమ్‌హాన్స్ వారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల వయసువారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసిక వ్యాధి కానవచ్చెను. వీరందఱికి దినచికిత్స అవసరము కాదు. అవసరమైన కొందఱికైనను అది జిల్లాలో దొరకుట అరుదు. 2018 మే 29 న అమలులోనికి వచ్చిన 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ శాసనము పిల్లల మానసికారోగ్య సేవలు, ఆసుపత్రికిని ఇంటికిని నడుమ నుండు వసతులు, సమాజమునందే పునరావాసము ప్రభుత్వము ఏర్పరుపవలెనని నిర్దేశించినది. ఈ బాధ్యతను నెఱవేర్చుటకు ప్రభుత్వములు స్వచ్ఛందసంస్థల వైపు చూచుట సహజము. సహాయధనమిచ్చి కేంద్రములను నడిపించు పథకములు ఇదివఱకే కలవు. అనగా కాలిఫోర్నియా కౌంటీలు నడచిన బాట ఈ జిల్లాల ముందర నున్నది.

షోలాపురమున నేతపనివారి కుటుంబములలోని బాలుడు బడిలో మరాఠీ చదువును. ఇంట తెలుగు మాటలాడును. హోసూరులో బడి తమిళము, ఇల్లు తెలుగు. రాయగడ, బరంపురములలో బడి ఒడియా. ఇట్టి బాలుని కేంద్రమునకు వెంటబెట్టుకొని వచ్చు అవ్వకు తెలుగు తప్ప వేఱుభాష సరిగ రాకపోవచ్చును. రాజ్యాంగమున 1956 లో చేర్చిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యనుగూర్చి చెప్పినది, చికిత్సనుగూర్చి చెప్పలేదు. 2017 నాటి శాసనము రోగికి అర్థమగు భాషలో సమాచారమివ్వవలెనని చెప్పినది. సమాచారమిచ్చుట వేఱు, చికిత్స చేయుట వేఱు. హక్కులను తెలుపు కాగితమును తెలుగులో ముద్రించి ఇచ్చిన మాత్రమున, బృందములో కూర్చుండి బాలుడు తన భయమును చెప్పుకొనుటకు భాష దొరకదు. యానామున తెలుగే ప్రజల భాష యగుటచే ఈ కష్టము కొంత తక్కువ. అయినను పెద్ద వైద్యమునకు పుదుచ్చేరి జిప్‌మర్‌కు పోవలసివచ్చినచో అచటి వాడుక తమిళము.

ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. బాలుడు తెలుగువాడు గనుక అతడు తెలుగులోనే మాటలాడవలెనని నిర్బంధింపరాదు. బడి స్నేహములన్నియు కన్నడములో నున్నచో, ఆ స్నేహములనుండి పుట్టిన బాధను అతడు కన్నడముననే చెప్పవచ్చును; తండ్రితోడి కలతను తెలుగులో చెప్పవచ్చును. ఎంపిక అతనిది కావలెను. రెండవది, తెలుగనగా ఏ తెలుగు? షోలాపురపు తెలుగు, హోసూరు తెలుగు, పర్లాకిమిడి తెలుగు గుంటూరు తెలుగు కావు. దూరమునుండి తెచ్చిన కార్యకర్తకు ఆ పలుకుబడి వింతగ నుండినచో, బాలునకు తన మాటే తప్పన్న సంకోచము కలుగును. ఆ ఊరి తెలుగెఱిగినవారికి శిక్షణనిచ్చి నియమించుట మేలు.

కుటుంబముయొక్క పాత్రలోను ఈ దేశపు మార్గము వేఱు. 1950 దశకమున అమృతసరపు మానసిక ఆసుపత్రిలో విద్యాసాగర్ అను వైద్యుడు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణములో డేరాలలో ఉంచి, చికిత్సలో వారిని భాగస్వాములను చేసెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారి మానసికారోగ్య కేంద్రమున 1957 నుండి రోగితోబాటు కుటుంబమును ఉండుట ఏర్పాటయ్యెను. చిత్తూరు సీమనుండియు, తమిళనాటి తెలుగు కుటుంబములనుండియు రోగులు పోవు చోటది. కాలిఫోర్నియా నియమములలో కుటుంబముతో నెలకొకసారి మాటలాడుట కనీసపు మెట్టు. ఈ దేశమున కుటుంబమే చికిత్సకు పునాది. అచటి పత్రమును యథాతథముగ ఇచటికి తెచ్చినచో ఈ బలము పోవును.

పత్రములో వ్రాయవలసినవి

దీనినిబట్టి తెలుగు సంఘములు, ధర్మసంస్థలు తామే ఇట్టి కేంద్రమును నడుపుటకు పూనుకొనినను, లేక జిల్లా అధికారులకు సలహా నిచ్చు స్థానమున నున్నను, సంతకమునకు ముందే అడుగవలసిన విషయములు కొన్ని గలవు. చెల్లింపులో ఒక భాగము హాజరుతో నిమిత్తము లేకుండ, కేంద్రమును తెఱచియుంచినందుకు నెలకింతయని ఉండవలెను. తక్కినది హాజరునుబట్టి ఉండవచ్చును. బాలుడు సగము దినము బడికి పోవు కాలమును చికిత్సలో భాగముగనే ఎంచి, కనీసము మూడునెలలు అదే కార్యకర్త అతనిని చూచుటకు, బడికి పోయి వచ్చుటకు వేరుగ వెల కట్టవలెను. బాలుని యింటి భాషయు, అతడు కోరు భాషయు మొదటి దినముననే వ్రాసికొని, ఆ భాష వచ్చిన కార్యకర్తను చూపవలసిన బాధ్యత పత్రములో నుండవలెను. దుబాసిపని ఇరుగుపొరుగు పిల్లలచేతగాని, తోడి రోగులచేతగాని చేయింపరాదు. బాలుని గుట్టు వీధిలో పడును.

ఒప్పందము ముగియు విధమును కూడ ముందే నిర్ణయింపవలెను. ప్రభుత్వము రద్దు చేసినను, సంస్థ విరమించుకొనినను, అప్పటికే చికిత్సలో నున్న పిల్లలను మఱియొక చోట అప్పగించువఱకు ధనము ఆగరాదు. టెండరులో అందఱికంటె తక్కువ మొత్తము చెప్పినవారికే పని అప్పగించు పద్ధతి వంతెనకు, రోడ్డునకు చెల్లునేమో. ఇచట తక్కువ మొత్తమనగా చాలమాఱు తక్కువ జీతము, అనగా నిలువని కార్యకర్త. కాబట్టి యోగ్యతను, ఖర్చును కలిపి తూచు పద్ధతిని అడుగవలెను. ఫిర్యాదును విను వ్యక్తి కేంద్రమునకు సంబంధము లేనివాడై యుండవలెను.

హాజరుతో నిమిత్తము లేక ధనమిచ్చినచో సోమరితనము ప్రబలునన్న ఆక్షేపణ బలమైనదే. లెక్క అడుగువారులేని సహాయధనము ఎట్లు వ్యర్థమగునో ఈ దేశమున తెలియనివారు లేరు. అందుచేతనే ధనమంతయు కాక ఒక భాగము మాత్రమే స్థిరముగ నుండవలెననుట. ఆ భాగమునకు మాఱుగ కేంద్రము ప్రతి ఆరునెలలకు కొన్ని విషయములను, పిల్లల పేర్లు లేకుండ, బహిరంగముగ ప్రకటింపవలెను. ఎందఱు చేరిరి, ఎందఱు బడికి మరలిరి, మరలినవారిలో మూడునెలల పిదప ఎందఱు బడిలో నున్నారు, ఏడాదిలో ఎందఱు కార్యకర్తలు విడిచిపోయిరి, ఎందఱు పిల్లలకు తాము కోరిన భాషలో మాటలాడువారు దొరకిరి అను ఈ ఐదు లెక్కలు చాలును. బడికి మరలినవారి సంఖ్య కొఱకు తొందరపడి పంపు ప్రమాదము కలదు. మూడునెలల పిదపటి లెక్క దానికి కొంత విఱుగుడు.

తెలుగు సంఘములు ఇదివఱకు బడులకొఱకు, పుస్తకశాలలకొఱకు, ఉత్సవములకొఱకు శ్రమించినవి. భాషను కాపాడుట యనగా గ్రంథములను కాపాడుట యన్న భావము వాటిలో బలముగ నున్నది. మనస్సు చెదరిన బాలుడు తన మాటను తన యింటి భాషలో చెప్పుకొనుటకు చోటు కల్పించుట కూడ భాషాసేవయే. అందులకు వలసినది పెద్ద ధనము కాదు. జిల్లా కార్యాలయమున పత్రము సిద్ధమగు దినమున దానిని ఓపికతో చదువువారు, ఈ వాక్యము ఏదీ యని అడుగువారు ఇద్దఱు ముగ్గురు ప్రతి ఊరను ఉండవలెను.